ఫిల్టర్‌కు రంగేసిన మొనగాడికి

శ్రవణ్,

బండి డీజిల్ ఫిల్టర్ ఊడింది. నేనే ఊడదీసిన. కొత్తది సీటు మీద పెట్టిన. దాని రబ్బరు రింగుకు జెర డీజిల్ రాసి చేత్తోనే బిగించు, పానా ముట్టకు. ఫిల్టర్ మీది పంపు ఒత్తి, గాలంత పోయినంకనే స్టార్ట్ చెయ్యి. నేను మన నర్సరీ మొక్కలు సగం ఆటోల ఏస్కొని మేడ్చల్ పోతున్న. మిగిలినయి పగటి బువ్వ యాళ్లకల్ల నువ్వు తేవాలె, లేకుంటే ఆర్డర్ పాయె.

నిన్న పొద్దూకేదాక దాన్ని స్క్రూడ్రైవర్‌తోని పొడిచి పొడిచి, "జామైంది అక్కా, మెకానిక్‌తోని గూడ కాదు" అన్నవ్. జామ్ గాక ఏమైతది? దసరా పూజకు బండి మెరవాలని కిందంత నల్లరంగు పూసిందెవరు? ఫిల్టర్‌ను గూడ ఇడిసిపెట్టకపోతివి. బ్లేడుతోని ఆ రంగు గీకి, బెల్టు సుట్టి గుంజిన. సప్పుడు లేకుంట తిరిగింది. ఇంక అను, "ఆడోళ్లకు బండ్ల సంగతేం ఎర్క" అని.

వేలు కోసుకున్నవు గదా, కిటికీల గిన్నెల పసుపు కలిపి పెట్టిన. రాసుకో.

అక్క

బెల్టు కోసం ఇల్లంత దేవులాడకు. ఫిల్టర్‌కు సుట్టింది నీ కొత్త బెల్టే. తెగింది.