అక్షర క్రమంలో రుక్కమ్మ అత్త

ఏప్రిల్ 7, 2003. కండ్లకోయ, కాలేజీ ల్యాబ్.

ఈ రోజు నుంచి నా జీవితంలో కళ్లతో వెతకడం బంద్!

మాకు సి ప్లస్ ప్లస్ చెప్పే పట్టాభిరామయ్య సార్ ఇవాళ ఒక అద్భుతం చూపించారు. రెండు లిస్టులు వరసలో పెట్టి, కంప్యూటర్‌లో ముందే రాసిపెట్టి ఉన్న ప్రోగ్రాముల లైబ్రరీకి ఇస్తే, రెండింట్లోనూ ఉన్న పేర్లను అదే ఏరి ఇస్తుంది. ఒక్క లైను! మొన్న ఈ పనికే నేను రెండు పేజీల లూపులు రాసి, వాటిలో నేనే తప్పిపోయాను.

పని చేసే తీరు కూడా చెప్పారు. రెండు లిస్టుల మీదా చెరో వేలు. ఏ వేలి దగ్గర ముందు అక్షరం పేరుంటే ఆ వేలు కిందికి జరుగుతుంది, రెండు వేళ్లకూ ఒకే పేరు తగిలితే దాన్ని ఏరుతుంది. వేళ్లు కిందికే జరుగుతాయి, వెనక్కి రావు. చివర్లో నా వైపు చూసి అన్నారు: "రెండూ ఒకే వరసలో ఉండాలయ్యా రాఘవేందర్. లేకపోతే అది నిన్నేమీ అడగదు. తప్పు జవాబిచ్చి ఊరుకుంటుంది."

నేనేం చిన్నపిల్లవాణ్ణా?

నియమాలు: ఏదైనా ముందు వరసలో పెట్టాలి. తర్వాత లైబ్రరీతోనే వెతకాలి. కళ్లతో వెతకకూడదు, ఎవరినీ అడగకూడదు.

ఏప్రిల్ 9. మేడ్చల్, ఇల్లు.

క్యాసెట్లు సర్దాను. పుస్తకాలు సర్దాను. ఊపు తగ్గక వంటింట్లో డబ్బాలను కూడా ఇంగ్లీషు అక్షర క్రమంలో పెట్టాను. ఆ లెక్కన ఉప్పు, చక్కెర పక్కపక్కకు వచ్చాయి.

సాయంత్రం బాపు ఒక గుక్క చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అమ్మ ముఖం చూశాడు. అమ్మ నా ముఖం చూసింది.

వంటింటికి నియమం వర్తించదు. ఇది ఓటమి కాదు, సవరణ.

ఏప్రిల్ 12.

పెద్ద పని దొరికింది! మా వినోదక్క పెళ్లి దగ్గరికొచ్చింది. మా ఇంటి గృహప్రవేశానికి బట్టలు పెట్టినవాళ్లలో ఎవరెవరు పెళ్లికి వస్తున్నారో వాళ్లకు మేం తిరిగి బట్టలు పెట్టాలి. ఒక్కరిని మరిచినా బంధుత్వం తెగుతుంది. అక్కడో లిస్టు, ఇక్కడో లిస్టు. రెండింట్లో ఉన్నవాళ్లు కావాలి. ఇది నా కోసమే పుట్టిన లెక్క!

బాపు భయం వేరే. పొలం గట్టు గొడవతో ఏళ్ల తరబడి మాట్లాడని బాలమల్లు పెద్దనాయిన, మొన్న గృహప్రవేశానికి తనంతట తానే షామీర్‌పేట నుంచి వచ్చి బాపుకు ధోతి, కండువా పెట్టి పోయాడు. "మా అన్నకు మర్యాద తక్కువైతే నేను బతికి దండగ" అన్నాడు బాపు. ఆ గొంతు విని నాకే కళ్లు చెమర్చాయి. లైబ్రరీ ఉంది, భయం లేదన్నాను.

ఏప్రిల్ 15. ల్యాబ్.

రెండు లిస్టులూ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. రెండూ సార్ట్ చేసి అక్షర క్రమంలో పెట్టాను. ఫ్లాపీలో దాచాను. పెళ్లికి వచ్చేవాళ్ల లిస్టు ప్రింటు తీశాను. వేలు పెట్టి చూపడానికి ఒక్క తప్పు లేదు. రేపు రెండూ కలిపి నడపడమే.

ఏప్రిల్ 16.

ప్రింటు చదివి వినిపించమంది అవ్వ, బాపును కన్న తల్లి. చదివాను. సగం దాటినా బాపు అక్క రుక్కమ్మ అత్త పేరు రాలేదు. ఆర్ అక్షరం కదా, కిందెక్కడో ఉంటుంది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"రుక్క ఈ ఇంటి ఆడబిడ్డ. అందరికన్న పెద్దది. ఆమె పేరు గా పోరగాళ్ల కింద పెడ్తవా? మీదికి తియ్."

అక్షర క్రమం గురించి చెప్పాను. అక్షరాలకు పెద్దాచిన్నా లేదా అని అడిగింది. ల్యాబ్‌కు పోయి ఆ ఒక్క లిస్టులో అత్త పేరును అన్నిటికంటే పైన పెట్టి, అప్పుడు ప్రోగ్రాం నడిపాను. ఒక్క పేరే కదా! ముసలి ప్రాణం సంతోషిస్తుంది.

ఏప్రిల్ 18.

మొన్న నడిపినదాని జవాబు ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. మొదట రుక్కమ్మ. తర్వాత సత్తయ్య, సాయన్న, తారాబాయి, యాదగిరి, యాదమ్మ... ముప్పావు పేజీ.

బాపు కాగితం తీసుకుని "గింతేనా?" అన్నాడు. ఇంటోళ్లందరు అండ్ల ఉన్నరు గదరా అని అమ్మ అడిగింది. లైబ్రరీ తప్పు చేయదని హామీ ఇచ్చాను. ఇద్దరూ బట్టల దుకాణానికి వెళ్లారు. నాకు కూడా ప్యాంటు, షర్టు గుడ్డ తెచ్చారు, ఇంటర్వ్యూలకు పనికొస్తుందని.

ఏప్రిల్ 23.

పొట్లాల మీద పేర్ల చీటీలు అంటిస్తుంటే చిన్న అనుమానం. పెద్దనాయిన చీటీ రాసిన గుర్తు లేదు. ఒకసారి కాగితం మొత్తం చూద్దామనుకున్నాను. కానీ కళ్లతో వెతకకూడదని నియమం! పదహారు రోజులు నిలబెట్టిన నియమాన్ని ఉత్త అనుమానానికి వదిలేస్తానా?

పైగా నిద్ర వస్తోంది.

ఏప్రిల్ 24.

అక్కను పెళ్లికూతుర్ని చేశారు. పందిట్లో చాప వేసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, బొట్టు పెట్టి బట్టలు పెడుతున్నారు. రుక్కమ్మ అత్తది మొదటి పొట్లం. రెండోసారి అవ్వ పిలిచింది బాలమల్లు పెద్దనాయినను. ఆయన కండువా సర్దుకుని వచ్చి కూర్చున్నాడు. బొట్టు పెట్టారు.

పొట్లం లేదు.

అమ్మ కుప్పంతా తిరగేసింది. బాపు ముఖంలో నెత్తురు లేదు. నేను కాగితం తీసి పైనుంచి కిందికి, కళ్లతోనే, చూశాను. బాలమల్లు లేడు. మొగులయ్య లేడు. పరమేశ్ లేడు. రుక్కమ్మకు ముందు అక్షరాలవాళ్లు ఒక్కరూ లేరు! ఒక వేలు పైనున్న అత్త పేరు దగ్గర ఆగింది. రెండో లిస్టు మీది వేలు ఆమెను వెతుక్కుంటూ అందరినీ దాటేసి వచ్చింది. వేళ్లు వెనక్కి రావు.

పెద్దనాయిన మెల్లగా లేవబోయాడు. బాపు ఆయన భుజం పట్టుకున్నాడు.

లోపలికి పరుగెత్తి నా ప్యాంటు, షర్టు గుడ్డ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. కాళ్లు పట్టుకుని మొత్తం చెప్పేశాను. కంప్యూటర్, అక్షరాలు, అత్త పేరు, నా తెలివి. సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దనాయిన గుడ్డను చూశాడు. తర్వాత రుక్కమ్మ అత్తను చూశాడు.

"నీ మిషిన్ తప్పేం లేదు బిడ్డా. మా అక్క ముంగట నిలబడితే మేం ఎన్నడు కనబడ్డం?"

ముందు నవ్వింది అత్తే. తర్వాత బాపు నవ్వాడు, నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. పెద్దనాయిన మళ్లీ చాప మీద కూర్చున్నాడు. మిగతావాళ్ల కోసం జీపు బజారుకు పరుగెత్తింది. కొత్త లిస్టు అమ్మ చెప్పింది, నేను పెన్నుతో రాశాను.

ఏప్రిల్ 28.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. అప్పగింతలప్పుడు అక్క చెయ్యి పట్టి అత్తింటివాళ్ల చేతిలో పెట్టింది పెద్దనాయినే.

కొత్త నియమం: రెండు లిస్టులూ సార్ట్ చేశాక, నడిపేముందు ఒక్క పేరు కూడా కదపకూడదు. ఎవరు చెప్పినా సరే! రాసి గోడకు అంటించాను.

మధ్యాహ్నం అవ్వ వచ్చింది. పుట్టింట్లో అక్క ఒడిలో బియ్యం పోసే ఒడిబియ్యం వేడుకకు పిలవాల్సినవాళ్ల లిస్టు కావాలట. చదివించుకుంది. మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది. అత్త వెనకే నిలబడి ఉంది.

పైకి తీశాను.

నియమం ఎల్లుండి నుంచి. రేపటిదాకా అత్త ఇక్కడే ఉంటుంది.