సాంచాల నడుమ ఇంగ్లీషు పాఠం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కూర్చుని ఏడుద్దామన్నా తీరిక లేదు, ఈ డిగ్రీ పిల్లలు నా ప్రాణం తోడేస్తున్నారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చారు, ఇక్కడ అన్ని పాఠాలూ ఇంగ్లీషులోనే. నాలుగు వాక్యాలు చదవమంటే ఒక్కరికీ నోరు పెగలదు. మౌనిక మరీను! పెదవులు కదులుతాయి, మాట ముందు బెంచీకి కూడా అందదు. అడిగితే, "తప్పు చదివితే నవ్వుతరు మేడం" అంటుంది.

విసిగి విసిగి ఇవాళ అందరినీ మన బట్ట నేసే సాంచాల షెడ్డుకు తీసుకుపోయాను. ఇప్పుడు షెడ్డు చూసుకుంటున్న నీ తమ్ముడు, చిన్నబాపు, నెత్తి కొట్టుకున్నాడు. "గిప్పుడు బట్ట నెయ్యాల్నా, బడి నడపాల్నా?"

చిన్నప్పుడు నువ్వు నన్ను నిలబెట్టినట్టే వాళ్లను సాంచాల నడుమ నిలబెట్టి, నాకు వినబడేలా చదవమన్నాను. ఆ చప్పుడులో ఎవరి తప్పు ఎవరికి తెలుస్తుంది? మౌనిక గొంతు చించుకుని చదివింది.

అంతలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగాయి. షెడ్డంతా మౌనిక ఇంగ్లీషే. అందరూ తలలు తిప్పేసరికి బెదిరి ఆగిపోయింది. అప్పుడు నా నోట నీ మాటే వచ్చింది.

"కరెంటు పోయింది గని నీ గొంతు పోలే గద. చదువు బిడ్డా."

సగం తప్పులే, బాపూ. అయినా చివరిదాకా చదివింది.