పార్కు బోర్డు మీద రెండో వాక్యం

పెదనాన్నా,

మీరెక్కడున్నారో తెలియదు. మంచినీళ్లు పట్టుకోవడానికైనా గేటు దగ్గరికి వస్తారేమోనని ఈ ఉత్తరం పార్కు వాచ్‌మన్‌కి ఇస్తున్నాను.

మీ అద్దెగది పోయిందనీ, ఆ పార్కు బెంచీ మీదే పడుకుంటున్నారనీ మాకు తెలియదు. ఆదివారం ఇస్త్రీ చొక్కాలో వచ్చి మమ్మల్ని నవ్వించి వెళ్లేవారు కదా.

కొత్త బోర్డు చూసి, "ఇవి మా తమ్ముడి అక్షరాలు. వాడే వద్దన్నాక ఇంకా ఇక్కడెందుకు" అని లేచి వెళ్లిపోయారట. వాచ్‌మన్ చెప్పాడు.

అక్షరాలు నాన్నవే. కానీ కార్పొరేషన్ వాళ్లు రాయమన్నది "బెంచీల మీద పడుకోరాదు" అని ఒక్క ముక్కే. కింద బోసిగా ఉందని, "ఇది మీ ఇల్లు కాదు" అన్న వాక్యం నేనే చేర్చాను. "మాటలు బాగా పట్టుబడ్డాయే నీకు" అని నాన్న మురిసిపోయి, దాన్ని ఎర్రరంగుతో రాశాడు.

నిన్న వెళ్లి దాని మీద తెల్లరంగు వేసి వచ్చాడు. రెండు పూతలు వేసినా ఎరుపు కనిపిస్తూనే ఉందట. అప్పటినుంచి అన్నం ముట్టలేదు.

కోపం నా మీద పెట్టుకోండి, నాన్న మీద వద్దు. ఇంటికి రండి పెదనాన్నా. ఇంతకంటే బాగా ఎలా పిలవాలో నాకు చేతకావడం లేదు.

మీ తమ్ముడి కూతురు