సోని చెప్పే పాస్‌వర్డ్‌లు

పాల్వంచ,
11 మార్చి 2005

రామ్‌సింగ్ అన్నకు,

మీ తమ్ముడు లచ్చీరాం దినాలయ్యాక, అతని కంప్యూటర్‌కు కొత్తగా విండోస్ ఎక్స్‌పీ వేయమని, మెయిళ్లు మాత్రం పోనివ్వొద్దని అతని భార్య, మీ మరదలు సోని దాన్ని నాకిచ్చింది. నేను తెర మీది మెయిల్ బొమ్మను సీడీలోకి ఎక్కించి, అన్నీ వచ్చాయనుకుని డిస్క్ ఫార్మాట్ కొట్టి అంతా చెరిపేశాను. సీడీలో ఆ బొమ్మ తప్ప ఒక్క ఉత్తరం లేదు.

నిజం చెప్పలేక, మెయిళ్లు తెరవాలంటే పాస్‌వర్డ్ అడుగుతోందన్నాను. అప్పటినుంచి సోని రోజూ తండా నుంచి బస్సులో వచ్చి ఒక పేరు చెబుతుంది. తన పేరైంది, బిడ్డ పేరైంది, లచ్చీరాం పెంచిన కుక్క పేరు కూడా అయింది. నేను టైపు కొట్టినట్టు చేసి తల అడ్డంగా ఊపుతాను.

నిన్న, "ఆయన మనసుల ఎవలుండెనో నాకే తెల్వకపాయె, అన్నా" అంది.

తప్పు నాదని మీరే వచ్చి చెప్పండి. ఇవాళ కూడా ఆమె బస్సు దిగే వేళయింది.

లచ్చీరాంతో చదువుకున్నవాడు