కొత్త దవడ

హైదరాబాదు దవాఖాన,
మంగళవారం.

హర్షిణి నాయినకు,

గొంతుల గొట్టం పెట్టిండ్రు, మాట రాదు. అందుకే ఈ కాయితం మా ప్రకాశన్నతో పంపుతున్న. ఆపరేషన్ మంచిగైంది, పరేషాన్ కాకుండ్రి. గడ్డ క్యాన్సర్‌ది కాదట. గడ్డతోని దవడ ముక్క తీసేసి, నా ఎడమ కాలి పక్క సన్నెముకను రక్తనాళంతో సహా తెచ్చి అక్కడ అతికిచ్చిండ్రు. వెంట్రుక కన్న సన్నటి దారంతో కుట్టిండ్రట. రక్తం పారుతున్నదో లేదోనని నర్సమ్మ గంటగంటకూ చూస్తది. ఎముక తీసినా నడవొచ్చన్నరు. ఇది గూడ ప్లాస్టిక్ సర్జరీనేనట. అదంటే సినిమావాళ్లు ముక్కు సక్కగ చేపిచ్చుకునుడే అనుకున్న ఇన్నొద్దులు. పక్క మంచం మీది కహ్కషాన్‌కు కాగిన నూనె పడి అతుక్కపోయిన వేళ్లను విడదీసిండ్రు. పొద్దుగాల తన చేతితో తనే చాయ్ తాగి ఏడ్చింది.

మీ దగ్గర ఒక మాట దాచిన. దవడ వాచినప్పుడు ఒకటో తరగతి నవ్య "టీచర్ మొకం చూస్తే భయమైతంది" అని గోడ దిక్కు తిరిగి కూసున్నది. తెల్లారి నుంచి బడికే రాలే. అప్పటిసంది నేను అద్దం చూడలే. ఇగ పిల్లల ముంగట నిలబడను, ఆఫీసు పనికి మార్చుండ్రి అని హెడ్మాష్టరుకు రాసిన. ఆ కాయితం దీంతోనే పెట్టిన, ఇచ్చిరాండ్రి. హర్షిణిని మాత్రం ఇక్కడికి తేవద్దు.

మీ శారద

నర్సింహులపేట,
శుక్రవారం.

శారదా,

నువ్వన్నట్టే బడికి పోయిన. గేటు కాడ నవ్య తల్లి జమ్లీ ఆపింది. "సార్, టీచరమ్మ పానం మంచిగున్నదా?" అన్నది. ఉన్నదన్న. కొంగుతో కండ్లు తుడ్సుకున్నది.

"మా అత్త నీలికి గట్లనే దవడ మీద గడ్డ లేసింది సార్. నవ్య కండ్ల ముంగటనే పోయింది. టీచరమ్మ గూడ పోతదని పిల్ల బడికి రానంటంది."

నీ మొకం చూసి కాదు శారదా, నువ్వు పోతవేమోనని భయపడ్డది.

నాకు నా మీదనే కోపమొచ్చింది. ఇన్ని నెలలు నువ్వు అద్దం చూడకుంటే, ఒక్క ఇంట్ల ఉండి నాకు తెల్వలే. హెడ్మాష్టరుకు నువ్వు రాసిన కాయితం నా అంగీ జేబులనే ఉన్నది. ఇయ్యాల్నా, వద్దా? నువ్వు ఏదంటే అది.

నీ వేణు

హైదరాబాదు,
బుధవారం.

హర్షిణి నాయినకు,

ఆ కాయితం చింపేయుండ్రి.

నిన్న గొట్టం తీసిండ్రు. నర్సమ్మను అద్దం అడిగిన. కుట్లు, వాపు, నోరు ఒక దిక్కు వంకర. శానాసేపు చూసిన. ఏడ్చిన గూడ. తర్వాత తల దువ్వుకున్న.

మాట ముద్దముద్దగ వస్తంది. రోజూ పైకి చదవాలని డాక్టరమ్మ చెప్పింది. ఆదివారం హర్షిణిని తోల్కరాండ్రి. జమ్లీ ఒప్పుకుంటే నవ్యను గూడ. ఒకటో తరగతి వాచకం మర్వకుండ్రి. ఆ పిల్ల ఎన్ని పాఠాలు పోగొట్టుకున్నదో, ఇద్దరం కలిసి మొదటి నుంచి చదువుకుంటం.

శారద