హెవీ డ్యూటీ బరకం

నవంబరు 21, 1998
పొద్దుట్నించీ ముసురు. కొట్టు ముందు రేకు కారుతోంది — తారు పూశాను. బరకాలకి, అదే టార్పాలిన్లకి, జనం బాగానే వచ్చారు. వీర్రాజు కూడా. కౌలు చేను నూర్చాడట, రాశి కళ్ళంలోనే ఉంది, గింజ ఇంకా పచ్చి. మందపు బరకం తీసి పరిచాను.
"నీరు దిగదు కదండీ?"
"హెవీ డ్యూటీ."
అంతే, ఇంకేం అడగలేదు. కంపెనీ ఏజెంటు నోట విని పట్టుకున్న మాట. పది మాటలు చెప్పాల్సిన చోట ఇదొక్కటీ చాలు. నాకు హాయి.

నవంబరు 22
వాన. అట్టు తుంచుతుంటే తెగలేదు. "హెవీ డ్యూటీ లెండి, మెల్లిగా లాగండి" — మా ఆవిడ. నవ్వొచ్చింది.

నవంబరు 23
వాన, గాలి. వీర్రాజు ఫోను. "ఓసారి ఎత్తి చూడమంటారా?"
"ఎత్తకు. అంచుల మీద ఇసుక మూటలు పెట్టు. హెవీ డ్యూటీ అది, చుక్క దిగదు."

నవంబరు 26
తెరిపిచ్చింది. వీర్రాజు కబురు లేదు.

నవంబరు 27
సైకిలు మీద కళ్ళానికి వెళ్ళాను. బరకం తీసేసి ఉంది. రాశిలో చెయ్యి పెట్టాను — కాలుతోంది. ముక్కిన వాసన. తెల్లగా మొలకలు. పైనుంచి చుక్క దిగలేదు, నిజమే... లోపలి తడికి దారేదీ?
వీర్రాజు — "మీ బరకానికి వంక లేదండి. ఎక్కడా కన్నం పడలేదు."
తిట్టినా బాగుండేది.
వాళ్ళావిడ మాత్రం ఊరుకోలేదు. "ఎత్తొద్దన్నది మీరే కదా, అన్నయ్యగారూ."
తల దించుకుని వచ్చేశాను. పచ్చి గింజ అయితే వాన ఆగినప్పుడల్లా ఎత్తి గాలి తగలనివ్వాలి. కళ్ళాల్లో పెరిగినవాణ్ణి, నాకు తెలియనిదా? అడిగాడు కూడా. ఆ మాట నోట్లోంచి రాలేదు.

నవంబరు 29
మిల్లులో వద్దన్నారట. కోళ్ళ మేతకైతే చూస్తామన్నారట. చేను గలాయన వచ్చే ఏడు కౌలు వేరేవాళ్ళకిస్తానంటున్నాడని టీ కొట్టు దగ్గర విన్నాను. టీ సగంలో వదిలేశాను.

నవంబరు 30
ఒకాయన బరకం అడిగాడు. "గింజ ఎండిందా?" అన్నాను.
"ఏంటండోయ్, సంబంధం చూడ్డానికొచ్చినట్టు ఆరాలు!" నవ్వుతూ పక్క కొట్టుకి పోయాడు.

డిసెంబరు 1
ఎండ. కొట్టు తియ్యలేదు. వీర్రాజు కళ్ళానికే వెళ్ళాను. మొగుడూ పెళ్ళాం ధాన్యం పల్చగా ఆరబోస్తున్నారు. చెప్పులు విడిచి నేనూ కాళ్ళతో తిరగేశాను. "మీకెందుకండీ శ్రమ" అన్నాడు. ఆవిడ అటు తిరిగి పని చేసుకుంది. మధ్యాహ్నం దాకా ముగ్గురం తిరగేశాం. నాకు తెలిసీ చెప్పలేదని ఒప్పుకుందామనుకున్నాను. "వీర్రాజూ" అన్నాను. "చెప్పండి" అని ఆగాడు... పడమట మబ్బు. నాలుగు చినుకులు. ఆవిడ కేకలు. గబగబా పోగు చేశాం. బరకం ఒక అంచు అతని చేతిలో, ఒక అంచు నా చేతిలో. కప్పకుండా నిలబడ్డాడు.
"ఏం చెయ్యమంటారు?" అన్నాడు, నా మొహంలోకే చూస్తూ. ఆవిడ కూడా చూస్తోంది. "కప్పుదాం, చినుకు ఆగగానే ఎత్తేద్దాం... ఆ రోజే చెప్పాల్సింది, తెలిసీ చెప్పలేదు" అన్నాను.