వీపు మీది కొక్కెం

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. పిల్లి నీ మంచాన్ని ఆక్రమించుకుందని రాశావు, చదివి నవ్వుకున్నాను. తర్వాతి వాక్యం దగ్గర నవ్వు ఆగిపోయింది. "ఆ మనిషి పైనుంచి పడి చచ్చాడని తెలిసినా నాకు కన్నీటిచుక్క రాదు" అన్నావు. నిన్ను వానలో గుమ్మం బయట నిలబెట్టి తలుపేసుకున్న మొగుడి గురించి ఇంకాస్త మెత్తగా రాయమని నేనెలా అంటాను?

కానీ రోజూ ఆ మనిషితోనే నేను తాడు మీద దిగుతున్నాను. ఎత్తు భవనాల అద్దాలు తుడిచే ఈ పని నాకు నేర్పింది బావే కదా. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. పని తాడు ముందు ఉంటుంది, ప్రాణం కాపాడే తాడు ఒంటికి కట్టుకున్న పట్టీలకి వెనక, వీపు మీది కొక్కేనికి ఉంటుంది. ఎవరి వీపు వాళ్లకి కనపడదు. అందుకని దిగేముందు ఒకరి కొక్కెం ఇంకొకరు చూసి, దాని నోరు మూసే మర బిగించి, భుజం తడతారు. ఆ చెయ్యి పడందే ఎవరూ మేడ మీది పిట్టగోడ దాటరు. చెయ్యి పడ్డాక ఎవరూ మళ్లీ అడగరు.

నీ ఉత్తరం చదివినప్పటినుంచి, బావ నాకు వీపు తిప్పి నిలబడగానే ఒక ఆలోచన వస్తోంది. చూడకుండా తట్టేస్తే? తోసే పని కూడా లేదు. మొదట ఒళ్లు జలదరించింది. ఇప్పుడు జలదరించడం లేదు, అదే భయంగా ఉంది. ఆలోచనే కదా, ఎవరికేం నష్టం అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

నీ తమ్ముడు,
పిచ్చుక

అక్కా,

ముందే చెబుతున్నాను, అందరం బతికే ఉన్నాం. కంగారుపడకుండా చదువు.

నిన్న గాలి ఎక్కువగా ఉంది. బావ దిగాక గోడ మీంచి తొంగిచూశాను. ఆయన వీపు మీద కొక్కెం తెరిచి ఉంది, తాడు దాని మొనకి వేలాడుతోంది. భుజం తట్టింది గుర్తుంది. కొక్కెం చూసింది గుర్తులేదు. కావాలని చెయ్యలేదు, ఒట్టు. ఆ ఆలోచన మొదలయ్యాక ఆయన వీపు చూడలేక, మొహం పక్కకి తిప్పుకుని తట్టేస్తున్నాను. ఎవరికీ నష్టం లేదనుకున్న ఆ ఆలోచనే నా కళ్లని వాడుకుంది.

కేకేశాను. గాలికి వినపడలేదు. తాడు ఒరుసుకోకుండా గోడ అంచున వేసిన గోనెపట్టా జారిపోయి, ఆయన పని తాడుకి పోగులు లేచాయి. పట్టా సర్ది, నా తాడు తగిలించుకున్నాను. నా వీపు చూసేవాళ్లు పైన ఎవరూ లేరు. "వదిలెయ్, నువ్వేం చెయ్యలేదుగా" అని లోపల అదే గొంతు. అది వింటూనే గోడ దాటాను.

ఆయన కొక్కేనికి తాడు తగిలించి మర బిగించాను. బావకి అర్థమైంది. చెయ్యి చాచి నా వీపు తడిమి, మర బిగించి, భుజం తట్టాడు.

పైకొచ్చాక అడిగాడు. "చూడలేదేంట్రా?"

"చూడబుద్ధి కాలేదు బావా." లోపలున్నదంతా చెప్పేశాను.

"మీ అక్క నూరిపోసిందా?"

"లేదు. ఆలోచన నాదే."

బావ తన తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. నేను క్షమించేశాననుకోకు అక్కా. ఆ గుమ్మం నాకు గుర్తుంది. ఆయన మంచివాడని కాదు, ఆ కొక్కెం చూడాల్సింది నేను కాబట్టి చూస్తాను. రోజూ, కళ్లతో చూసి, వేలితో తడిమి.

ఈ ఉదయం నా బదులు వేరే జతగాణ్ణి ఇమ్మంటాడనుకున్నాను. వచ్చి, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు. చూశాను, లాగి మళ్లీ చూశాను, భుజం తట్టాను. తర్వాత నేను వీపు తిప్పాను.

చెయ్యి పడలేదు.

వెనక ఆయన ఊపిరి వినిపిస్తోంది. నా ఆలోచన నిన్న ఆయనకి నేనే చెప్పాను కదా. ఇప్పుడది ఆయన దగ్గర కూడా ఉంది. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. చాలాసేపటికి మర బిగిసిన చప్పుడైంది. ఆ తర్వాత భుజం మీద చెయ్యి పడింది.

రేపు కూడా ఆయనతోనే దిగుతాను.

నీ పిచ్చుక